ఛాతీ పట్టీకి ఏడాదే ఆయువన్న మాట ఎంత నిజం?

సైకిల్ మీద సాధన చేసేవారు గుండె వేగం తెలుసుకోవడానికి రొమ్ము కింద బిగించుకునే ఛాతీ పట్టీ ఏడాదికి మించి నిలవదని, తెలుగు ప్రాంతాల ఎండనూ చెమటనూ తట్టుకునే శక్తి దానికి లేదని, కాబట్టి టైర్లతో, బ్రేకు రబ్బర్లతో పాటు దాన్ని కూడా ఏటా కొత్తది కొనుక్కోవలసిన వస్తువుగానే లెక్క వేసుకోవాలని చెప్పే అభిప్రాయం సైక్లిస్టులలో గట్టిగా స్థిరపడి ఉంది. ఆ మాట ఖమ్మం జిల్లా దక్షిణపు అంచున, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఎర్రుపాలెం వంటి చిన్న మండల కేంద్రానికి చేరేసరికి తీర్పుగా మారుతుంది. ఎందుకంటే అక్కడ ఈ సాధనం కొనదలచిన యువకుడికి కొన్ని వేల రూపాయలు ఒకసారి పెట్టడమే భారం, ఏటా పెట్టాలంటే ఆ ఆలోచననే మానుకుంటాడు. ఈ అభిప్రాయం అనుభవం మీద నిలబడినట్టు కనిపిస్తుంది గాని, నిజానికి ఆ అనుభవాన్ని సరిగా చదవకపోవడం మీద నిలబడింది. కొన్ని పట్టీలు ఏడాదిలో పాడవుతున్న మాట నిజం. అవి ఏడాది గడిచినందువల్ల పాడవుతున్నాయన్నది మాత్రం అబద్ధం. పాడయ్యాయని మూలన పడేసిన వాటిలో ఇంకా పనికొచ్చేవి ఉన్నాయన్న సంగతి ఎవరి దృష్టికీ రావడం లేదు.

మొదటి పొరపాటు, పట్టీని ఒకే వస్తువుగా చూడటంలో ఉంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాని కండరం గుండా ప్రయాణించే విద్యుత్తు చర్మం మీదికి వచ్చేసరికి ఒక మిల్లీవోల్టు, అంటే వోల్టులో వెయ్యో వంతు ప్రాంతంలో మిగులుతుంది. దాన్ని అందుకోవడానికి పట్టీ లోపలి వైపు రెండు ఎలక్ట్రోడ్లు, అనగా విద్యుత్తును చర్మం నుంచి తీసుకునే మెత్తని పలకలు, ఉంటాయి. ఇవి కొన్నింటిలో కార్బన్ పొడి కలిపిన రబ్బరుతోనూ, కొన్నింటిలో వెండిపూత పూసిన నైలాన్ బట్టతోనూ తయారవుతాయి. ఆ పలకల నుంచి రెండు టిచ్ బటన్ల ద్వారా సంకేతం సెన్సర్ లోకి, అంటే ముందువైపు తగిలించే చిన్న ప్లాస్టిక్ డబ్బీలోకి వెళుతుంది. అందులోని సర్క్యూటు గుండె లయలోని నిటారు శిఖరాలను గుర్తించి, వాటి మధ్య ఎడాన్ని బట్టి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో లెక్కకట్టి, బ్లూటూత్ ద్వారానో యాంట్ ప్లస్ అనే తీగలేని పద్ధతి ద్వారానో హ్యాండిల్ మీది పరికరానికి పంపుతుంది. వీటన్నింటినీ ఒంటికి పట్టి ఉంచేది సాగే పట్టీ, అన్నింటికీ శక్తినిచ్చేది ఒక నాణెపు బ్యాటరీ. సెన్సర్, బ్యాటరీ, ఎలక్ట్రోడ్లు, బటన్లు, ఎలాస్టిక్ అన్న ఈ అయిదింటికీ అయిదు వేర్వేరు ఆయుర్దాయాలు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి మొరాయించినా తెర మీద కనిపించే లక్షణం ఒక్కటే, అంకె గెంతడం లేదా మాయమవడం. లక్షణం ఒక్కటే అయినంత మాత్రాన రోగం ఒక్కటే అనుకోవడమే ఏడాది సిద్ధాంతానికి మూలం.

చెమట పట్టీకి శత్రువన్న మాటను విడిగా పరిశీలించాలి, ఎందుకంటే ఆ సిద్ధాంతపు బరువంతా దాని మీదే ఉంది. గుండె విద్యుత్తును కాగితం మీద గీయగలిగిన పద్ధతికి 1924లో నోబెల్ బహుమతి పొందిన డచ్చి శాస్త్రవేత్త విలెమ్ ఐంథోవెన్, తన తొలి యంత్రంతో పనిచేసినప్పుడు రోగి చేతులనూ కాలినీ ఉప్పునీటి తొట్లలో ముంచి ఉంచేవాడు. పొడి చర్మం పైపొర విద్యుత్తును అడ్డుకుంటుంది, ఉప్పునీరు ఆ అడ్డును తొలగిస్తుంది. నేటికీ ఆసుపత్రిలో ఈసీజీ తీసేటప్పుడు ఛాతీకి రాసే జిగురు పదార్థం చేసేది ఆ పనే. ఛాతీ పట్టీకి ప్రత్యేకంగా జెల్ అవసరం లేకపోవడానికి కారణం చెమటే. తొక్కడం మొదలుపెట్టిన పది నిమిషాలకు అంకె నిలకడకు వస్తున్నదంటే, అప్పటిదాకా పొడిగా ఉన్న చర్మానికీ ఎలక్ట్రోడుకీ మధ్య చెమట వంతెన కట్టిందన్న మాట. తడిగా ఉన్నంతసేపు చెమట పట్టీకి మేలే చేస్తుంది. హాని చేసేది ప్రయాణం ముగిశాక పట్టీలోనే ఎండిపోయే ఉప్పు. ఈ తేడాను గుర్తించనివారు చెమట ఎక్కువ పట్టే ప్రాంతంలో పట్టీ తప్పక త్వరగా పోతుందని తేల్చేస్తారు. నిజానికి చెమట ఎంత పట్టిందన్నదాని కంటే, ఇంటికి వచ్చాక దాన్ని కడిగారా లేదా అన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

ఎండ వాదం ఇంతకంటే బలహీనమైనది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాలు రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో లెక్కకు వస్తాయి, మే నెలలో 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. అయితే పట్టీ ఉండేది ఎండలో కాదు, చొక్కా లోపల, ఒంటికి అంటుకుని. అక్కడ దాని ఉష్ణోగ్రతను నిర్ణయించేది చెమటతో చల్లబడుతూ ఉండే చర్మం, అంటే సుమారు 33 నుంచి 36 డిగ్రీలు. హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ దారిలో సౌరఫలకాల కప్పు నీడన తొక్కేవారి పట్టీకీ, ఎర్రుపాలెం నుంచి మధిర వైపు బట్టబయటి రోడ్డు మీద తొక్కేవారి పట్టీకీ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. చలిదేశాలలో శీతాకాలమంతా గదిలో, గాలి తగలని చోట, నిలబెట్టిన సైకిల్ మీద తొక్కేవారు కార్చే చెమట ఇక్కడివారి చెమటకు ఏమాత్రం తీసిపోదు. తెలుగు ఎండ పట్టీని నిజంగా దెబ్బతీసే సందర్భాలు వేరే ఉన్నాయి: తొక్కి వచ్చాక దాన్ని దండెం మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేయడం, తడిపట్టీని మూటకట్టి ఎండలో ఆపిన కారులో వదిలేయడం. బట్ట ఎండలో ఆరితేనే శుభ్రమన్న అలవాటు నూలు బట్టకు మంచిదే గాని, సాగే పట్టీలోని స్పాండెక్స్ దారానికి, అంటే రబ్బరులా సాగే కృత్రిమ దారానికి, తీవ్రమైన ఎండ విషం. పట్టీని చంపింది తెలుగు వాతావరణం కాదు, దండెం ఎక్కడ కట్టారన్నది.

ఎండిన ఉప్పు చేసే పని మాత్రం నిజమైనది, దాన్ని తక్కువ చేసి చూపితే ఈ ఖండనకు విలువ ఉండదు. వేడిలో గట్టిగా తొక్కే మనిషి గంటకు లీటరు, కొందరు అంతకు మించి చెమట కారుస్తారు. లీటరు చెమటలో మనిషిని బట్టి అర గ్రాము నుంచి రెండు గ్రాముల దాకా సోడియం ఉంటుంది, ఉప్పుగా లెక్కిస్తే అది రెండున్నర రెట్లు. దూరప్రయాణం ముగిసేసరికి నల్లచొక్కా మీద తెల్లటి చారలు తేలేది అందుకే. అలాంటి ఉప్పే పట్టీ నేతలోకీ, టిచ్ బటన్ల అడుగుకూ చేరుతుంది. ఉప్పుకు ఒక గుణం ఉంది: గాలిలో తేమ 75 శాతం దాటితే అది ఆ తేమను పీల్చుకుని తనంతట తానే నీరవుతుంది. ఎండాకాలంలో పొడిగా కనిపించిన పట్టీ వానలు మొదలయ్యాక గూట్లో పెట్టినది పెట్టినట్టే చెమ్మగిల్లడానికి కారణం ఇది. సెన్సర్‌ను ఊడదీయకుండా అలాగే తగిలించి ఉంచితే, ఆ చెమ్మ రెండు బటన్ల మధ్య వంతెన అవుతుంది. సర్క్యూటు ఎవరో పట్టీ కట్టుకున్నారనుకుని మేలుకుంటుంది, రాత్రంతా లేని గుండె కోసం వెతుకుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది. పైగా ఉప్పునీటిలో తడిసిన లోహపు బటన్ల మధ్య ఆ కొద్దిపాటి విద్యుత్తు కూడా ప్రవహిస్తే తుప్పు వేగం పుంజుకుంటుంది. పట్టీ ఆరు నెలలకే పోయిందని చెప్పేవారి విషయంలో సెన్సర్ తగిలించిన పట్టీని సంచిలో చుట్టి పెట్టే అలవాటు ఉందో లేదో ముందుగా విచారించవలసి ఉంటుంది. సెన్సర్‌ను ఊడదీయడానికి పట్టేది రెండు క్షణాలు, పట్టీ ఆయుష్షును అంతగా పొడిగించే పని మరొకటి లేదు. గార్మిన్ సంస్థ తన విడదీసే పట్టీల వాడక సూచనలలో ప్రతి వాడకం తరువాత నీటితో జాడించాలని, ఏడు వాడకాలకు ఒకసారి మెషీన్‌లో ఉతకాలని, వాడనప్పుడు సెన్సర్‌ను ఊడదీయాలని స్పష్టంగా చెబుతుంది. వాటిని పాటించని పట్టీ వయసును వాతావరణం ఖాతాలో వేయడం న్యాయం కాదు.

ఏడాది అన్న కొలతే అర్థరహితమని తేల్చడానికి చిన్న లెక్క చాలు. ఫ్రాన్సులోని ఆడాక్స్ క్లబ్ పారీసియెన్ నిబంధనల ప్రకారం జరిగే దూరప్రయాణాలు, బీఆర్ఎం అన్న పేరుతో హైదరాబాదు రాండోనర్లు నిర్వహించేవి, తెలుగు సైక్లిస్టులకు సుపరిచితం. వాటిలో 200 కిలోమీటర్లకు 13.5 గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. ఈ నాలుగింటినీ ఒకే ఏడాది కాలంలో పూర్తిచేసినవారిని సూపర్ రాండోనర్ అంటారు. గడువు పూర్తిగా వాడుకున్న సూపర్ రాండోనర్ ఒంటి మీద ఈ నాలుగు ప్రయాణాలలోనే పట్టీ నూరు గంటల పైచిలుకు ఉంటుంది, వాటి కోసం చేసిన సాధన అదనం. వారానికి రెండు ఉదయాలు గంట చొప్పున తొక్కే మనిషికి ఆ నూరు గంటలు నిండటానికే ఏడాది పడుతుంది. ఒకరికి నాలుగు ప్రయాణాలలో వచ్చిన అరుగుదల మరొకరికి ఏడాదికి గాని రాకపోతే, ఇద్దరి పట్టీలకూ ఒకే గడువు నిర్ణయించడం ఏ హేతువుకు నిలుస్తుంది? తయారీదారులు సైతం బ్యాటరీ జీవితాన్ని ఏళ్లలో కాక గంటలలోనో, రోజుకు గంట వాడకం అన్న షరతుతోనో చెబుతారు: పోలార్ హెచ్10 సెన్సర్‌కు సుమారు 400 గంటలు, గార్మిన్ హెచ్ఆర్ఎం డ్యుయల్‌కు రోజుకు గంట చొప్పున మూడున్నర ఏళ్లు. మొదటి లెక్కన నలభై గంటల ప్రయాణాలు పది చేయవచ్చు. అది బ్యాటరీ లెక్క మాత్రమే, పట్టీ లెక్క కాదు. హామీపత్రం మీది గడువును ఆయుర్దాయంగా చదువుకోవడం కూడా ఈ కోవలోని పొరపాటే, అది తయారీలోపానికి సంస్థ ఎంతకాలం బాధ్యత వహిస్తుందో చెబుతుంది, వస్తువు ఎప్పుడు పోతుందో చెప్పదు.

ఇక అసలు విషాదం రోగనిర్ధారణలో ఉంది. ఎర్రుపాలెం కాజీపేట–విజయవాడ రైలుమార్గం మీద ఉంది. పట్టాల పైన 25 వేల వోల్టుల విద్యుత్ తీగ సాగుతుంది. ఆ దారికి సమాంతరంగానో, గేటు దాటుతూనో తొక్కేవారికి ఒక్కసారిగా గుండె వేగం గెంతినట్టు కనిపించే అవకాశం ఉంది. విద్యుత్ రైలుతీగలూ, అధిక వోల్టేజీ లైన్లూ ఇటువంటి సాధనాలకు అంతరాయం కలిగించవచ్చని పోలార్ వాడక పుస్తకాలు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నాయి. పాత తరహా తీగలేని సంకేతాలకు ఈ బెడద ఎక్కువ, నేటి డిజిటల్ సంకేతాలకు తక్కువ; అయినా ఎలక్ట్రోడు పొడిగా ఉన్నప్పుడు చుట్టుపక్కల విద్యుత్ క్షేత్రం మిల్లీవోల్టు సంకేతంలో కలవడానికి వీలుంటుంది. మధిర, వైరా, తల్లాడ మీదుగా జూలూరుపాడు దాటి కొత్తగూడెం చేరి, అక్కడి నుంచి అడవి దారిలో భద్రాచలం వెళ్లేవారికి పాల్వంచ విద్యుత్ కేంద్రం పరిసరాలలో రోడ్డును దాటే భారీ లైన్ల కింద ఈ సమస్య మళ్లీ ఎదురుకావచ్చు. శీతాకాలపు ఉదయం పొడిగాలిలో, వదులుగా ఉన్న పాలిస్టర్ చొక్కా పల్లంలో దిగేటప్పుడు రెపరెపలాడుతూ ఒంటికి రాసుకుంటే పుట్టే స్థిరవిద్యుత్తు కూడా, నింపాదిగా వెళుతున్న మనిషికి 200 దాటిన గుండె వేగాన్ని చూపగలదు. బ్యాటరీ చివరికి వచ్చినప్పుడు సంకేతం ఆగి ఆగి వస్తుంది. ఈ సందర్భాలలో వేటిలోనూ పట్టీ దోషం లేదు. ఎలక్ట్రోడ్లను బయలుదేరే ముందే నీటితో తడపడం, చొక్కా బిగువుగా వేసుకోవడం, గడియారాలు బాగుచేసే దుకాణంలో కొన్ని పదుల రూపాయలకు దొరికే నాణెపు బ్యాటరీ మార్చడం, ఈ మూడూ చేసి చూడకుండా పట్టీ పోయిందని ప్రకటించడం, జ్వరం కొలవకుండానే మందు రాయడం వంటిది.

వెండిపూత బట్ట నల్లబడితే పట్టీ పని అయిపోయిందన్న నమ్మకం కూడా విస్తారంగా ఉంది. వెండి చెమటలోని గంధక పదార్థాలతో కలిసి నల్లబడుతుంది, ఇంట్లోని వెండి కుంకుమభరిణె నల్లబడేది ఈ కారణంగానే. చెమటలోని క్లోరైడుతో కలిసినచోట వెండి క్లోరైడు పొర ఏర్పడుతుంది. ఆసుపత్రులలో గుండె పరీక్షకు వాడే మేలైన ఎలక్ట్రోడ్లను ఉద్దేశపూర్వకంగానే వెండి, వెండి క్లోరైడులతో తయారు చేస్తారు, ఎందుకంటే ఆ జంట చర్మం వద్ద స్థిరమైన సంకేతాన్ని ఇస్తుంది. కాబట్టి పలుచని నలుపు మరణచిహ్నం కాదు. పూత పొడిపొడిగా రాలి అడుగున ఉన్న నైలాన్ బయటపడితే అది వేరే సంగతి. ఆ స్థితికి తెచ్చేది ఎక్కువగా బ్లీచింగ్ ద్రవాలూ, గట్టిగా రుద్దే బ్రష్షులే. నలుపును పోగొట్టాలని రుద్దేవారు నలుపుతో పాటు వెండినీ పోగొడతారు.

కడగడంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది, ఏడాది సిద్ధాంతం చెప్పేవారు దాని జోలికే పోరు. పల్లెలలో బట్టలు ఉతికేది ఎక్కువగా బోరునీటితో, అది చాలాచోట్ల కఠిన జలం, అంటే సున్నపు లవణాలు కరిగి ఉన్న నీరు. బకెట్ అంచున తెల్లటి గట్టిపొర కట్టే నీటిని గుర్తించడం కష్టం కాదు. అటువంటి నీటిలో బట్టల సబ్బు నురగకు బదులు తెల్లటి మడ్డిని ఇస్తుంది. ఆ మడ్డి నీటిని దరిచేరనివ్వని జిడ్డుపొర. అది ఎలక్ట్రోడు మీద పేరుకుంటే చర్మానికీ లోహానికీ మధ్య అడ్డుగోడ అవుతుంది. శ్రద్ధగా సబ్బుపెట్టి ఉతికేవారి పట్టీ, అసలు ఉతకనివారి పట్టీకంటే ముందే మొరాయించడానికి వీలుందన్నది ఇక్కడి నుంచి తేలే అంశం, ఆ శ్రద్ధాళువులే తరువాత పట్టీ నాణ్యతను నిందిస్తారు. బట్టలకు మెత్తదనం, సువాసన ఇచ్చే ద్రవాలు చేసే హాని కూడా ఇటువంటిదే, వాటి పని నేతమీద జిడ్డుపొర వదలడమే కాబట్టి. పరిష్కారం ఖరీదైనది కాదు: ఒక చుక్క షాంపూ వంటి తేలికపాటి ద్రవంతో వేళ్లతో మృదువుగా రుద్ది, ఇంట్లో ఉన్న నీటితోనే జాడించి, చివరగా తాగునీటి ప్లాంటు క్యాను నుంచి రెండు గ్లాసుల నీరు పోసి వదిలితే చాలు, ఆ శుద్ధి చేసిన నీటిలో లవణాలు స్వల్పం కాబట్టి ఆరిన తరువాత మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. పిండకూడదు, తువ్వాలులో అద్ది నీడన పరచాలి. పట్టీ కట్టుకునే ముందు ఛాతీకి కొబ్బరినూనె, పౌడరు రాసుకోకూడదన్నది దీనికి కొనసాగింపే. భద్రాచలం వైపు అడవి దారిలో దోమలకు జంకి పూతలు రాసుకునేవారు, డీట్ అనే రసాయనం స్పాండెక్స్ దారాన్నీ కొన్నిరకాల ప్లాస్టిక్కులనూ కరిగించగలదని తెలుసుకుని, దాన్ని కాళ్లకూ చేతులకూ పరిమితం చేయాలి.

ఎదుటి పక్షానికి ఒక గట్టి వాదన లేకపోలేదు. పూర్వపు పట్టీలు ఏళ్ల తరబడి నడిచాయని, ఇప్పటి మెత్తటి బట్టపట్టీలు అలా నడవడం లేదని వారు అంటారు. ఇందులో నిజం ఉంది. ఫిన్లండ్‌లోని కెంపెలె పట్టణంలో 1977లో పుట్టిన పోలార్ సంస్థ 1982లో తీగలేని తొలి గుండె వేగ సాధనాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. ఆ సంస్థే తరువాత తెచ్చిన టీ31 అనే నమూనాలో ఎలక్ట్రోడ్లూ సర్క్యూటూ ఒకే గట్టి ప్లాస్టిక్ పలకలో ఇమిడి ఉండేవి, సాగే పట్టీ మాత్రం కొక్కేలతో విడిగా తగిలేది. దాని బ్యాటరీని మార్చడానికి వీలుండేది కాదు, అయినా సంస్థ చెప్పిన దాని జీవితం 2500 గంటలు, రోజుకు గంట చొప్పున దాదాపు ఏడేళ్లు. నేతలో ఎలక్ట్రోడ్లు కలిసిపోయిన నేటి మెత్తటి పట్టీ ఒంటికి హాయినిస్తుంది, సంకేతాన్ని మెరుగ్గా అందుకుంటుంది, కానీ ఎలాస్టిక్ సడలితే ఎలక్ట్రోడ్లు కూడా దానితో పాటే పోతాయి. ఈ తేడా నుంచి తీయవలసిన నిర్ణయం, పట్టీ స్వభావతః ఏడాది వస్తువన్నది కాదు. ఏ భాగం పోతే ఆ భాగాన్ని మార్చుకునే వీలు ఎంత ఉంటే సాధనం అంత కాలం ఉంటుందన్నది. సెన్సర్ ఊడివచ్చే రకంలో పట్టీ ఒక్కటే కొంటే సరిపోతుంది, సెన్సర్ ఎన్నో పట్టీలను చూడగలదు. గార్మిన్ హెచ్ఆర్ఎం ప్రో వంటి నమూనాలలో సెన్సర్ పట్టీలోనే కలిసి ఉంటుంది, అక్కడ ఎలాస్టిక్ సడలడం అంటే బాగా ఉన్న సర్క్యూటును కూడా వదులుకోవడం. ఏడాది సిద్ధాంతాన్ని ప్రచారం చేసే సైక్లిస్టులు తెలియకుండానే ఇలాంటి నిర్మాణాన్ని సహజమైనదిగా అంగీకరింపజేస్తున్నారు. ఎలాగూ ఏడాదే కదా అనుకునే కొనుగోలుదారుడు విడదీసే వీలు ఉందా అని దుకాణంలో అడగడు, అడగనిదాన్ని తయారీదారుడు ఎందుకు ఇస్తాడు?

పట్టీని వదిలేసి చేతి గడియారానికి మారడమే పరిష్కారమన్న సలహా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆకుపచ్చ కాంతిని చర్మంలోకి పంపి రక్తప్రవాహంలోని హెచ్చుతగ్గులను చదివే ఆ పద్ధతి నడకకూ నిద్రకూ చక్కగా పనిచేస్తుంది. గుంతల రోడ్డు మీద హ్యాండిల్ గట్టిగా పట్టుకుని మణికట్టు వంచినప్పుడు, ఒక్కసారిగా వేగం పెంచినప్పుడు అది వెనకబడుతుంది, గుండె సంకేతాన్నే చదివే పట్టీకి ఆ సమస్య లేదు. పైగా గడియారంలోని రీచార్జి బ్యాటరీ కూడా వయసుతో తగ్గేదే, దాన్ని ఇంట్లో మార్చుకునే వీలు సాధారణంగా ఉండదు. ఆయుర్దాయం పేరుతో పట్టీని తిరస్కరించి గడియారాన్ని ఎంచుకోవడం తర్కానికి అందదు.

ఈ చర్చ కేవలం డబ్బుకు సంబంధించినదైతే ఇంత పట్టుదల అవసరం ఉండేది కాదు. పట్టీలు ఏడాదికి పోతాయని ముందే నమ్మిన మనిషి, పదకొండో నెలలో తెర మీద 210 కనిపిస్తే పట్టీ ముసలిదైపోయిందని నవ్వి ఊరుకుంటాడు. అది పట్టీ దోషమే కావచ్చు. గుండె లయ నిజంగా తప్పిన సందర్భం కూడా కావచ్చు. ఛాతీ పట్టీ వ్యాధిని నిర్ధారించే సాధనం కాదు, ఆ పని వైద్యుడిది. కానీ వింత అంకె కనిపించినప్పుడు కళ్లు తిరగడం, దడ, ఛాతీలో బరువు వంటివి తోడైతే, లేదా ఎలక్ట్రోడ్లు తడిపి బ్యాటరీ మార్చిన తరువాత కూడా అదే ఎత్తులో అదే శ్రమ వద్ద ఆ అంకె మళ్లీ మళ్లీ వస్తే, సైకిల్ దిగి ఆసుపత్రికి వెళ్లవలసి ఉంటుంది. పట్టీని శుభ్రంగా, నమ్మదగినదిగా ఉంచుకున్నవాడికే దాని హెచ్చరిక హెచ్చరికగా వినిపిస్తుంది. మండల కేంద్రం నుంచి గుండె వైద్యుడి దగ్గరికి వెళ్లాలంటే ఖమ్మమో విజయవాడో చేరవలసిన ప్రాంతంలో, సాధనాన్ని ముందే అనుమానించడం నేర్పే అభిప్రాయం ప్రమాదకరమైనది.

పట్టీ నిజంగా పోయిందో లేదో తేల్చడానికి కేలెండరు అక్కరలేదు, ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా ఉండే మల్టీమీటర్ చాలు. దాన్ని నిరోధం కొలిచే స్థానంలో ఉంచి, ఒక సూదిని పట్టీ ముందువైపు టిచ్ బటన్‌కూ, రెండో సూదిని అదే వైపు ఎలక్ట్రోడుకూ ఆనించి అంకె చూడాలి, తరువాత రెండో వైపు కూడా అలాగే. వెండిపూత బట్టలో ఆ అంకె తక్కువగా ఉంటుంది, కార్బన్ రబ్బరులో ఎక్కువగా ఉంటుంది. ముఖ్యమైనది అంకె ఎంతన్నది కాదు, రెండు వైపులా దాదాపు సమానంగా ఉందా, పట్టీని నెమ్మదిగా లాగినప్పుడు నిలకడగా ఉందా అన్నది. ఒక వైపు అంకె అమాంతం పెరిగినా, లాగగానే మాయమైనా లోపలి దారి తెగిందని అర్థం, ఆ పట్టీని మార్చవలసిందే. రెండు వైపులా సమానంగా ఉండి, ఎలాస్టిక్ మాత్రమే సడలి పట్టీ జారుతుంటే, మార్చవలసింది వీపు వైపు సాగే భాగం ఒక్కటే. ఎలక్ట్రోడ్లున్న ముందుభాగంలో సూది గుచ్చకుండా, పాత ఎలాస్టిక్‌ను దాని కుట్టు దగ్గర విప్పి అదే వెడల్పు కొత్త ఎలాస్టిక్ కుట్టడం మధిరలోని ఏ దర్జీకైనా పది నిమిషాల పని.